పద్నాలుగు పళ్ళు

నా పళ్ళలో పద్నాలుగు తీసేయాలని చెప్పింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నాగపూర్‌లో ఆసుపత్రి మూడో అంతస్తులో పళ్ళ విభాగం. నా ఎక్స్‌రేను వెలుగుతున్న తెల్లటి పలక మీద పెట్టి, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క పంటి మీద చిన్న గీత పెట్టుకుంటూ పోయింది. ఆమె గీతలు పెడుతుంటే నేను లెక్కపెట్టాను. పదకొండు దగ్గర ఆగింది. మళ్ళీ దగ్గరికి వంగి చూసి, ఇంకో మూడు పెట్టింది. ఆ మూడూ నాకు ఏనాడూ నొప్పి పెట్టని పళ్ళు.

మాది మహారాష్ట్ర అంచున సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఎవరికి ఏది వస్తే అది. ఇరవై రెండేళ్ళు నేను ఒకటో తరగతి పిల్లలకే పాఠం చెప్పాను. మా దగ్గర పిల్లలు తెలుగు మాట్లాడుతూ బడికొస్తారు. వాళ్ళ చేతికిచ్చే పుస్తకం మాత్రం మరాఠీ. అందుకని ఒకటో తరగతి పంతులు పనంతా నోటితోనే. ఒక మాట మరాఠీలో చెప్పి, అదే మాట తెలుగులో చెప్పి, మళ్ళీ మరాఠీలో చెప్పాలి. సాయంత్రానికి దవడలు లాగేవి. నాకు ఆ పని ఇష్టం. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు.

ఖర్రా అలవాటైంది దానికి ముందు, తొలి ఉద్యోగంలో. అడవి లోపలి ఊళ్ళో ఒంటరి బడి, ఒక్కణ్ణే పంతులు. వక్క ముక్కలు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత్తో రాపాడిస్తే ఖర్రా తయారవుతుంది. అక్కడ వచ్చినవాడికి మంచినీళ్ళు ఇచ్చినట్టు ఖర్రా ఇచ్చేవారు. మొదట మొహమాటానికి తిన్నాను. తర్వాత మొహమాటం లేకుండా తిన్నాను. ఏడాదికోసారి బడి ఆవరణలో పిల్లలను వరసగా నిలబెట్టి, పొగాకు ముట్టబోమని ప్రతిజ్ఞ చేయించాలి. ఆ ప్రతిజ్ఞ చదివి పలికించేది నేనే. జేబులో పొట్లం ఉండేది. పిల్లలకు ఆ సంగతి తెలుసు.

దీపావళి సెలవుల్లో గడ్డం గీసుకుంటుంటే ఎడమ దవడ కింద మెడలో ఏదో చేతికి తగిలింది. రేగిపండంత ఉంది. నొప్పి లేదు. పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు నా భార్యే చూసింది. ఆమె పుట్టిల్లు నది అవతల, మంచిర్యాల వైపు. మరుసటి రోజే నది వంతెన దాటించి మంచిర్యాల తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చూశాడు. చూసి, తన కుర్చీలో కూర్చున్నాడు. నా ఉద్యోగం మహారాష్ట్రలోది కాబట్టి కాగితాలన్నీ అక్కడే చెల్లుతాయి, నాగపూర్ పొమ్మన్నాడు. ఆయన ఆ మాట అంటున్నంతసేపూ నా భార్య చెప్పుల వైపు చూస్తున్నాడు.

నాగపూర్‌లో ముక్క తీసి పరీక్ష చేశారు. నాలుక మొదట్లో క్యాన్సర్. అక్కడ కత్తి పెట్టడం కుదరదని, ముప్పై అయిదు రోజులు రేడియేషన్ ఇస్తామని, వారానికోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తామని పెద్ద డాక్టరు చెప్పాడు. మా దగ్గర రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. "దానికి ముందు ఒక చిన్న పని ఉంది, పళ్ళ డాక్టరును కలవండి," అని చీటీ రాసిచ్చాడు. అలా మూడో అంతస్తుకు వెళ్ళాం.

డాక్టరమ్మ మరాఠీలో చాలా ఓపికగా చెప్పింది. కరెంటు పడ్డ ఎముకలోకి రక్తం సరిగా రాదు. తర్వాత ఎప్పుడైనా పన్ను పుచ్చి తీయాల్సి వస్తే ఆ గాయం మానదు. దవడ ఎముకే చచ్చిపోతుంది. అందుకని చెడినవీ, చెడిపోయేలా ఉన్నవీ ముందే తీసేయాలి. గాయాలు మానడానికి రెండు వారాలు. ఆ తర్వాతే కరెంటు.

నా భార్యకు మరాఠీ అంతంత మాత్రం.

"ఏమంటున్నది?" అని అడిగింది.

"పండ్లు తీస్తదట."

"ఎన్ని?"

"పద్నాలుగు."

ఆమె కాసేపు ఆ ఎక్స్‌రే వైపు చూసింది. "రోగం గొంతుల ఉంటే పండ్లెందుకు తీస్తరు? అడుగుండ్రి."

డాక్టరమ్మ చెప్పిందంతా తెలుగులో చెప్పాను. బడిలో చెప్పినట్టే, మాటకు మాట. దవడ ఎముక చచ్చిపోతుందన్న దగ్గర మాత్రం మానేశాను. ఆమెకు చెప్పడం ఇష్టం లేక మానేశానని అప్పుడు అనుకున్నాను. నా నోటితో అనడం ఇష్టం లేకనే మానేశాను.

ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చారు. రేపు పెడతానని జేబులో పెట్టుకున్నాను. బయటికొచ్చి నేరుగా స్టేషనుకు నడిచాను. ఆమె వెనకాల బ్యాగు పట్టుకుని వచ్చింది. మంచిర్యాల వైపు బండికి ఇంకా గంటన్నర ఉంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నాం.

"పోదాం అంటే పోదాం," అంది ఆమె. "గని మళ్ల ఎప్పుడొస్తం?"

"పిల్లల పరీక్షలైనంక."

"రోగానికి పరీక్షలున్నయా?"

బండి వచ్చింది. ఎక్కాం.

ఇంటికొచ్చి నెల రోజులున్నాను. హెడ్‌మాస్టరుకు మందులతో తగ్గుతుందన్నారని చెప్పాను. గడ్చిరోలిలో నర్సింగ్ చదువుతున్న నా కూతురికి ఫోనులో అదే చెప్పాను. ఆ నెలలో బాగా తిన్నాను. జొన్నరొట్టె, వేయించిన పల్లీలు, గోదావరి చేపలు, చెరకు. నా భార్య అడిగినవన్నీ వండి పెట్టింది గాని ఎదురుగా కూర్చునేది కాదు. పొద్దున అద్దం ముందు నోరు తెరిచి, టార్చి వేసి, ఎర్ర గీత పడ్డ పళ్ళు ఏవో గుర్తుపట్టడానికి చూసేవాణ్ణి. అన్నీ ఒకేలా కనబడేవి. కొన్ని ఖర్రా మరకలతో గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. అయినా పనిచేస్తున్నాయి. పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీయాలి అని నాతో నేనే వాదించుకునేవాణ్ణి. ఆ వాదనలో రోజూ నేనే గెలిచేవాణ్ణి.

రేగిపండు నిమ్మకాయంత అయింది. మెతుకు దిగడం కష్టమైంది. మింగినప్పుడల్లా ఎడమ చెవిలో పోటు. ఒక మధ్యాహ్నం తరగతిలో పాఠం చదువుతూ దగ్గితే రుమాలులో రక్తం పడింది. ముందు వరసలో కూర్చున్న పాప చూసింది. చూసి తన పలక ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. పిల్లలందరినీ ఆడుకోమని బయటికి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక నల్లబల్ల తుడిచి, కిటికీలు వేసి, ఇంటికొచ్చాను.

"పోదాం," అన్నాను.

ఆమె మంచం కింది నుంచి బ్యాగు బయటికి లాగింది. బట్టలు, కాగితాలు, ఎక్స్‌రే అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఎప్పుడు సదిరినవ్?" అని అడిగాను.

"వచ్చిననాటి నుంచి గట్లనే ఉన్నది. తీయలే."

పెద్ద డాక్టరు మళ్ళీ స్కాన్ ఫోటోలు తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాడు. వేళ్ళతో మెడ అంతా తడిమాడు. "ఈ నెల రోజులు ఎక్కడున్నారు?" అని అడిగాడు.

"బడిలో."

ముందు ఎడమవైపే ఉండేదట. ఇప్పుడు కుడివైపు కూడా వచ్చింది. ఆయన కోపగించుకోలేదు. కోపగించుకుంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. కాగితం మీద రోగం దశ రాసిన చోట పాత మాట కొట్టేసి, పైన కొత్త మాట రాసి, నాకేసి చూడకుండా, "ఇక ఆలస్యం వద్దు. పళ్ళు రేపే," అన్నాడు.

ఆయన చెప్పిన మాట నా భార్య అడగకుండానే చెప్పాను. "కుడిపక్కకు గూడ వచ్చిందట." ఆమె తలూపింది. ఆ నెల గురించి ఆమె అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. అనలేదు కాబట్టే ఆ నెల ఇంకా నా దగ్గర అలాగే ఉండిపోయింది.

పళ్ళు రెండు విడతలుగా తీశారు. మొదటి రోజు ఎడమవైపు ఎనిమిది, రెండు రోజులాగి కుడివైపు ఆరు. కుర్చీ వెనక్కి వాలింది. డాక్టరమ్మ పొట్టి మనిషి, చిన్న ఇనుప పీట మీద నిలబడింది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమంది. చిగుళ్ళలో, దవడ మూలలో సూదులు వేసింది. పెదవి, నాలుక, బుగ్గ ఒక్కొక్కటే నావి కాకుండా పోయాయి.

నొప్పి లేదు. ఆ మాట నిజం. నొప్పి ఉండి ఉంటే నా మనసు దాని మీద ఉండేది. చప్పుడు మాత్రం భరించలేకపోయాను. పన్ను కదులుతున్నప్పుడు వచ్చే చప్పుడు చెవి బయట నుంచి రాదు, తల లోపలి నుంచి వస్తుంది. పచ్చి కట్టె విరుస్తున్నట్టు. పన్ను ఊడగానే స్టీలు పళ్ళెంలో టంగున పడేది. నాలుగు చప్పుళ్ళ వరకు లెక్క ఉంది. అయిదోది విరిగింది. వేరు లోపలే ఉండిపోయింది. డాక్టరమ్మ చిన్న మర పెట్టి ఎముక కొంచెం తొలిచింది. కాలిన వాసన వచ్చింది. నా ఎముక వాసన అదని తెలియడానికి కాసేపు పట్టింది.

నా మనసు మళ్ళించడానికి కాబోలు, "మీరేం చేస్తారు?" అని అడిగింది. నోరు తెరిచి ఉంది, లోపల రెండు ఇనుప పనిముట్లు ఉన్నాయి. పక్కనున్న నర్సు కాగితం చూసి, "పంతులు," అని చెప్పింది.

"ఔనా? ఏ తరగతి, గురూజీ?"

నేను ఒక వేలు ఎత్తాను. కుడిచేతి వేలు. ఎడమ చెయ్యి ఎత్తితే నొప్పి అనుకుంటుందని.

"ఒకటో తరగతా? కష్టమైన పని," అంది. అని మళ్ళీ పని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చెయ్యి మెత్తన. చివర్లో నల్ల దారంతో కుట్లు వేసి, పలచటి కట్టుగుడ్డ మడిచి పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంది. కరవడానికి ఆ పక్క పైనా కిందా పళ్ళు లేవు. మెత్తగా, చిగురు మీద చిగురు ఆనింది.

బయట బెంచీ మీద నా భార్య లేచి నిలబడింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఆపుకుని, ఆ కొంగుతోనే నా గడ్డం మీది రక్తం తుడిచింది. "అయిపోయిందా?" అంది. నేను తలూపాను. "చిన్న పనే అన్నరు గద," అంది, నాకు ధైర్యం చెప్తున్నట్టు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మొద్దుబారిన ముఖంతో ఏడిస్తే కన్నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కూడా తెలియదు.

ఆసుపత్రికి దగ్గర్లో రోగుల కోసం ఉన్న వసతి గృహంలో ఒక గది ఇచ్చారు. ఆమె అక్కడ పొయ్యి సంపాదించి జొన్నగట్కను జావలా జారుడుగా చేసి, మజ్జిగ కలిపి చల్లార్చి పెట్టేది. చెంచాతో తాగేవాణ్ణి. పొద్దున లేస్తే దిండు మీద ఎర్రటి ఉమ్మి మరక. ఆమె నేను చూడకముందే దిండు తిప్పేది.

రెండో విడత అయిన మూడో రోజు నా కూతురు ఫోన్ చేసింది. అప్పటికి దానికి అసలు సంగతి చెప్పాం. నా భార్య కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. ఫోను మోగుతుంటే నేనే ఎత్తాను.

"బిడ్డా," అన్నాను.

"ఎవలు మాట్లాడేది?"

"నేనే. నాయినను."

"హలో, ఎవలండి? ఇది మా నాయిన నంబరు. జర మా అమ్మకియ్యుండ్రి."

ఇంకోసారి చెప్పడానికి ప్రయత్నించాను. వాచిన చిగుళ్ళ మధ్య నాలుక ఆనాల్సిన చోట ఆనలేదు. వచ్చిన మాట నాకే అర్థం కాలేదు. కుళాయి దగ్గరికి నడిచి ఫోను నా భార్య చేతికిచ్చాను. ఆమె తడి చేత్తో పట్టుకుని, "మీ నాయినే, బిడ్డా," అంది. అవతలి నుంచి ఏం వినిపించిందో తెలియదు. ఆమె చాలాసేపు ఫోను చెవికి పెట్టుకుని నిలబడింది. కుళాయి పారుతూనే ఉంది. నేనే కట్టేశాను.

రెండు వారాల తర్వాత చూస్తే పదమూడు గాయాలు మానాయి. ఎముక తొలిచిన చోటు మానలేదు. అక్కడ చిగురు విడిపోయి, లోపల తెల్లగా ఎముక కనబడుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో వారం ఆగాలి. కరెంటు ముందే పెడితే అది ఇక ఎప్పటికీ మానదు. ఆగితే మెడలోది ఆగదు. "ఏదో ఒకటి చేయక తప్పదు గురూజీ, వారం ఆగుదాం," అంది. నేను పారేసిన నెల రోజుల్లో ఇలాంటివి నాలుగు వారాలుండేవి. ఆమె ఆ మాట అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ వారంలో వసతి గృహం వరండాలో ముల్చేర నుంచి వచ్చిన ఒకాయన పరిచయమయ్యాడు. అక్కడ కిరాణా దుకాణమట. గొంతు తీసేశారు, ముక్కులో పాలు పోసే గొట్టం ఉంది. పలక మీద సుద్దతో రాసి మాట్లాడేవాడు. ఆయన భార్య తెలుగు మనిషి, నా భార్యకు తోడు దొరికింది. మొదటి రోజు ఆయన నా నోటి వైపు చూసి, పలక మీద "ఎన్ని?" అని మరాఠీలో రాశాడు. నేను రెండు చేతుల వేళ్ళు చూపించి, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించాను. ఆయన తుడిచి, "నావి అన్నీ," అని రాశాడు. ఇంకా ఏదో రాయబోయి, ఆలోచించి, సుద్ద కింద పెట్టేశాడు. ఆయన రాయనిది ఏమిటో అడగాలనిపించింది, అడగలేదు. అయిదో రోజు పొద్దున వరండాలో ఆయన భార్య ఒక్కతే కూర్చుని చొక్కాలు మడత పెడుతోంది. నా భార్య వెళ్ళి పక్కన కూర్చుంది. నేను గదిలోకి తిరిగి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

గాయం పూర్తిగా మానకుండానే కరెంటు మొదలుపెట్టారు. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి, ఆరేదాకా నొక్కి, నా ముఖానికే ఒక ముసుగు చేశారు. రోజూ ఆ ముసుగుతో నన్ను బల్లకు బిగించేవారు. ముప్పై అయిదు రోజులు ఎలా గడిచాయో రాయాలని కూర్చుంటే పెద్దగా ఏమీ గుర్తు రావడం లేదు. రుచి పోయింది, ఉమ్మి పోయింది, మెడ తోలు నల్లబడి ఊడింది. పదమూడు కిలోలు తగ్గాను. ఎండాకాలం మొదట్లో ఇంటికొచ్చాం.

మూడు నెలల తర్వాత తీసిన ఫోటోలో కుడివైపు ఇంకా ఏదో ఉందన్నారు. అది మిగిలిన రోగమో, కరెంటు మంటతో వచ్చిన వాపో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. కట్టుడు పళ్ళ గురించి అడిగితే, ఆ మానని చోటు ఉన్నంతకాలం పెట్టలేమంది డాక్టరమ్మ. బడిలో నాకు ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాసే పని ఇచ్చారు. ఒకటో తరగతికి చామోర్షి నుంచి కొత్త పంతులమ్మ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపిస్తుంది. పిల్లలు జవాబు చెప్పరు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బడి నుంచి ముందే వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. పెరటి వైపు వెళ్తే, గోడ పక్కన రేకుల చాటున నా భార్య కూర్చుని మక్కకంకి తింటోంది. నిప్పుల మీద కాల్చింది, నల్లగా, పొగ వస్తోంది. నన్ను చూసి గబుక్కున కొంగు చాటున దాచుకుంది. నోట్లో ఉన్నది నమలకుండా అలాగే ఉండిపోయింది.

ఆలోచిస్తే ఆరు నెలలుగా ఆమె నా ఎదుట గట్టిది ఏదీ తినలేదు. నాకు పెట్టిన జావే తానూ తాగేది. నేను గమనించలేదు.

"ఎందుకు దాస్తున్నవ్?" అన్నాను. నా మాట ఇప్పుడు ఆమెకు బాగానే అర్థమవుతుంది.

"మీకు కనిపియ్యద్దని."

నేను ఆమె పక్కన తడి నేల మీదే కూర్చున్నాను. "తిను," అన్నాను. ఆమె కొంగు చాటు నుంచి కంకి బయటికి తీసింది. చేతిలో పట్టుకుని చూసింది. ఒక వరస గింజలు అప్పటికే కొరికి ఉన్నాయి.

"తిను, నేను చూస్త," అన్నాను మళ్ళీ.

"చల్లగైంది," అంది ఆమె. చల్లబడలేదు, ఇంకా పొగ వస్తూనే ఉంది. కంకిని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. రేకుల మీద వాన మొదలైంది. ఇద్దరం లేవలేదు.